వంగాలి, వణకకూడదు



జూన్ మూడోవారం దాటగానే ఆరుద్ర కార్తె వస్తుంది. ఒక గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే మా విజయనగరం వైపు మెట్ట పొలాల్లోకి వెళితే, తడిసిన ఎర్రమట్టి మీద అంతకంటే ఎర్రగా, మఖమల్ గుడ్డలోంచి కత్తిరించినట్టు చిన్న చిన్న ముక్కలు నడుస్తూ కనిపిస్తాయి. అవే ఆరుద్ర పురుగులు. పండితులు ఇంద్రగోపాలంటారు. పురుగు అంటున్నాం గాని దానికి ఎనిమిది కాళ్లు. సాలీడుకీ, పశువుల్ని పట్టే పిడుదుకీ చుట్టం. మహా అయితే చిటికెనవేలి గోరంత ఉంటుంది. ఏడాదికి ఆ కొద్దిరోజులే కనిపించి, మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతుంది.

దాన్ని దగ్గరగా ఫొటో తీయాలని నాకు చాలాకాలంగా కోరిక. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. తీరిక దొరికాక కెమెరా కొన్నాను. దగ్గరి ఫొటోలకు పనికొచ్చే మాక్రో లెన్సు కొన్నాను. చివర్లో, కూరలో కరివేపాకులా, ఒక ట్రైపాడ్ కూడా తీసుకున్నాను. షాపు కుర్రాడు దాన్ని నిలువునా సాగదీసి, "మేస్టారూ, ఆరడుగుల మనిషి కూడా వంగే పని లేదు" అన్నాడు. నాకు నడుంనొప్పి. ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది.

ఆ ఏడు ఆరుద్రలో పొలానికి వెళ్లాను. పురుగు నేలమీద ఉంది. కాళ్లన్నీ ముడిచేసినా నా ట్రైపాడ్ మోకాలి ఎత్తుకంటే కిందికి దిగలేదు. మధ్యలో ఉండే కడ్డీ అడుగుకొస నేలకు తగిలి ఆపేసింది. నేను బోర్లా పడుకున్నాను, కెమెరా నా తలకంటే పైన ఉండిపోయింది. అటుగా వెళుతున్న ఒక రైతు ఆగి, "ఏటి మేస్టారూ, ఏటైనా పారేసుకున్నారేటి?" అన్నాడు. పారేసుకున్నది డబ్బు అని అప్పటికి అర్థమైంది. నేను వంగకుండా ఉండే స్టాండు కొన్నాను. నాకు కావలసింది తాను వంగే స్టాండు.

రేడియోలో బొమ్మ చూపించే వీలు లేదు. అందుకని కాసేపు మీ చేతినే అప్పడుగుతాను. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటి కొసలూ ముందున్న బల్లమీద ఆనించండి. బల్ల లేకపోతే మీ తొడ మీదైనా సరే. ఇదే ట్రైపాడ్. మూడు వేళ్లనూ దగ్గరికి తీయండి. చెయ్యి ఎత్తుగా లేస్తుంది, కాని పక్కనుంచి ఎవరైనా తోస్తే పడిపోతుంది. ఇప్పుడు వేళ్లు బాగా చాపండి. అరచెయ్యి కిందికి దిగింది, ఎవరు తోసినా కదలడం లేదు. ఒక వేలి కింద పుస్తకం పెట్టండి. మిగతా రెండూ సర్దుకున్నాయి గాని, ఏదీ గాల్లోకి లేవలేదు. నాలుగుకాళ్ల మంచం ఎగుడుదిగుడు నేలమీద టకటక కొట్టుకుంటుంది. ముక్కాలి పీటకు ఆ గొడవ లేదు. మూడు రాళ్ల పొయ్యి పెట్టిన మన అమ్మమ్మలకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, అయినా తెలుసు.

ఇంకొక్క పని. ఒక వేలిని పక్కనున్న గ్లాసు అంచుకు చుట్టి పట్టుకోండి. వేలు కణుపుల దగ్గర వంగింది. వంగాక గట్టిగా నిలిచింది, ఎందుకంటే కణుపుకీ కణుపుకీ మధ్య ఎముక ఉంది. ఎముక లేకుండా వంగేది వానపాము. వానపాము మీద కెమెరా నిలబెట్టలేం. బజారులో వంగే ట్రైపాడ్ అని అమ్మే వాటిలో కొన్ని వేళ్లు, కొన్ని వెన్నెముకలు, కొన్ని వానపాములు. ఏది ఏదో పోల్చుకోవడం దగ్గరే అసలు చిక్కు.

దగ్గరి ఫొటోకి ఇంత పట్టింపు ఎందుకని మీరడగవచ్చు. పెళ్లి ఫొటోలు చేత్తో పట్టుకునే తీస్తున్నారు కదా అనవచ్చు. ఒక చిన్న లెక్క చెబుతాను. మాక్రో లెన్సుతో ఒకటికి ఒకటి చొప్పున తీస్తే, అంటే సెంటీమీటరు పురుగు బొమ్మ సెన్సరు మీద కూడా సెంటీమీటరే పడేలా తీస్తే, కెమెరా మిల్లీమీటరు పక్కకు జరిగినా బొమ్మ సెన్సరు మీద మిల్లీమీటరు జరుగుతుంది. సెన్సరు 36 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో అడ్డంగా 6000 చుక్కలు అనుకుందాం. మిల్లీమీటరులో పదో వంతు అదిరితే చాలు, బొమ్మ దాదాపు పదిహేడు చుక్కల మేర అలుక్కుపోతుంది. పదో వంతంటే మన ఊపిరి, మన నాడి కొట్టుకోవడం.

అంతకన్నా పెద్ద బాధ ముందుకూ వెనక్కూ ఊగడం. లెన్సు రంధ్రం ఎఫ్ 11 దగ్గర పెట్టి, ఒకటికి ఒకటి సైజులో తీస్తే, స్పష్టంగా కనిపించే లోతు సుమారు ఒకటింపావు మిల్లీమీటరు. అంతే. కన్ను స్పష్టంగా వస్తే కాలు మసక. బోర్లా పడుకుని మోచేతుల మీద కెమెరా పట్టుకున్న మనిషి ఊపిరి పీల్చి వదిలేలోపు అంతకంటే ఎక్కువే ఊగుతాడు. షట్టరు ఎంత వేగంగా పెట్టినా ఈ ఊగుడుకు మందు కాదు, బొమ్మ కదలకుండా వస్తుంది గాని ఫోకస్ వేరే చోట పడుతుంది. పైగా అంత దగ్గరకి వచ్చేసరికి లెన్సులోంచి వచ్చే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి దగ్గరి ఫొటోకి ట్రైపాడ్ అదురు ఆపడానికన్నా ముందు ఫోకస్ నిలపడానికి. ఈ మాట నాకు ఎవరూ ముందు చెప్పలేదు, రెండు ఆరుద్రలు పోయాక తెలిసింది.

అయితే ట్రైపాడ్ అన్ని చోట్లా పనికొస్తుందని కూడా అనను. మధ్యాహ్నం ఎండలో ఎగిరే సీతాకోకచిలుక వెనకాల ట్రైపాడ్ మోసుకుని పరిగెత్తేవాణ్ణి చూస్తే చిలుకకే నవ్వొస్తుంది. అక్కడ ఫ్లాషు, చెయ్యి, ఓపిక. ట్రైపాడ్ వేళ తెల్లవారుజాము, మంచుబొట్లతో రెక్కలు తడిసి తూనీగ కదలలేని గంట. పూలు, నాచు, పుట్టగొడుగులు, చెట్టుబెరడు మీది సాలెగూడు, ఇవీ దాని పొత్తు.

ఇప్పుడు వెన్నెముక రకం సంగతి. షాపుల్లో ఆక్టోపస్ స్టాండు అంటారు. కాళ్లలో గుండ్రటి ప్లాస్టిక్ బంతులు ఒకదాని గుంటలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. లేతు మిషన్ల దగ్గర పనిచేసినవాళ్లు దీన్ని చూడగానే గుర్తుపడతారు. కోతపడుతున్న ఇనుము మీదికి చల్లటి నూనెనీళ్లు పోసే, ఎటు తిప్పితే అటు నిలిచే గొట్టం సరిగ్గా ఇలాగే ఉంటుంది. 2006లో అమెరికాలోని జోబీ అనే కంపెనీ ఈ పద్ధతిలో కాళ్లు చేసి గొరిల్లాపాడ్ అని పేరుపెట్టి అమ్మింది. చెట్టుకొమ్మను గొరిల్లా పట్టుకున్నట్టు పట్టుకుంటుందని కాబోలు. ఆ కంపెనీ పెట్టిన జోబెన్ బెవర్ట్ తరువాత ఎగిరే ఎలక్ట్రిక్ టాక్సీల పనిలో పడ్డాడు. ఎక్కడి స్టాండు, ఎక్కడి విమానం! ఇప్పుడు దాన్ని చూసి చేసిన నకళ్లు వీధికి పది.

దాని గొప్ప గొప్పే. గేటు కమ్మీకి చుడతాం, తాటిదుంగ మీద కూచోబెడతాం, గట్టు వాలులో రెండు కాళ్లు పైనా ఒక కాలు కిందా పెడతాం. నేలకు జానెడు ఎత్తులో కెమెరా నిలుస్తుంది. భుజం సంచిలో పడుతుంది. కాని కొనేటప్పుడు మూడు సంగతులు గమనించాలి.

మొదటిది బరువు. గొరిల్లాపాడ్ రకాలకు 1కె, 3కె, 5కె అని పేర్లుంటాయి, అన్ని కేజీలు మోస్తుందని. ఒక మామూలు కెమెరా 700 గ్రాములు, మాక్రో లెన్సు 600, పైన ఫ్లాషు 400 అనుకోండి. మొత్తం 1700 గ్రాములు. మూడు కేజీలది సరిపోతుందిగా అనిపిస్తుంది. సరిపోదు. ఆ మూడు కేజీలు కాళ్ల నడుమ నిటారుగా కూచున్న బరువుకి. దగ్గరి ఫొటోలో మనం కెమెరాను ముందుకు వంచుతాం, పక్కకు వేలాడదీస్తాం. నిండుబిందె చంకన పెట్టుకున్నప్పటి బరువు వేరు, చెయ్యి చాచి పట్టుకున్నప్పటి బరువు వేరు. అందుకని మన సామాను బరువుకు రెట్టింపు రాసి ఉన్నదే తీసుకోవాలి. పైగా ఆ రాసిన అంకె ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కొలుచుకున్నది, అందరికీ ఒకే తూకంరాయి లేదు.

రెండోది జారుడు. కొట్లోనే మీ సొంత కెమెరా బిగించి, లెన్సు నేలకు సమాంతరంగా ఉండేలా పక్కకు వాల్చి, దూరంగా ఉన్న ఏదైనా అక్షరం మీద ఫోకస్ పెట్టండి. చేతులు తీసేసి ముప్పై లెక్కపెట్టండి. అక్షరం తెరమీద మెల్లగా పైకి పాకుతోందంటే, కాళ్లు కిందికి దిగుతున్నాయన్నమాట. కొట్టువాడు "కొత్తది కదా సార్, సెట్టవుతుంది" అంటాడు. కొత్తప్పుడే బిగువు ఎక్కువ. వాడేకొద్దీ బంతులు అరిగి వదులవుతాయి. నాలుగేళ్లు వాడిన నా దాంట్లో ఒక కాలు మోకాటి కీలు పట్టు తప్పినట్టు ఊడి చేతికొస్తోంది. నొక్కితే మళ్లీ ఎక్కుతుంది గాని నమ్మకం పోయింది.

మూడోది, లోపల ఏముందో చూడటం. పైన స్పాంజి తొడుగు, లోపల ఇనపతీగ ఉండే స్టాండ్లు చవగ్గా వస్తాయి. ఇవే నేను చెప్పిన వానపాములు. ఫోన్ బరువుకైతే సరే. కాని బైండింగు తీగను అటూ ఇటూ పదిసార్లు వంచితే ఏమవుతుందో మనకు తెలుసు. తొడుగు లోపల తీగ విరిగిన సంగతి పైకి కనపడదు, కెమెరా కిందపడ్డాకే తెలుస్తుంది.

వాడటంలో ఒక కిటుకు. చాలామంది ఈ కాళ్లను పైనుంచి కిందివరకు మెలికలు తిప్పుతారు. ప్రతి మెలికా ఒక అదురు. కాలిని వీలైనంత తిన్నగా, పెద్ద విల్లులా వంచి, కొసలు మాత్రం పట్టుకోడానికి చుట్టాలి. కొమ్మకు చుట్టేటప్పుడు అక్కడ గూడుందేమో, చీమల బారు ఉందేమో చూసుకోవాలి. గండుచీమల బారైతే అవి చూసుకుంటాయి మన సంగతి.

ఇక వేలు రకం. నా ఓటు దీనికే. ఇందులో కాళ్లు తిన్నటి గొట్టాలే, అల్యూమినియంవి గాని కార్బన్‌వి గాని. వంపు అంతా కీలులో ఉంటుంది. ఒక్కో కాలూ మిగతావాటితో పనిలేకుండా తనంత తాను మూడు నాలుగు మెట్లలో విచ్చుకుంటుంది, ఆఖరి మెట్టులో నేలకు సమాంతరంగా పడుకుంటుంది. పాతరకం ట్రైపాడ్లలో మూడు కాళ్లనీ కలుపుతూ మధ్యలో అడ్డపుల్లలు ఉంటాయి చూడండి, వీడియో స్టాండ్లకు ఎక్కువ, అవి ఉంటే ఈ పని కుదరదు. అవి కనబడితే అక్కడే వదిలేయండి. రెండో పరీక్ష మధ్యకడ్డీ. దాన్ని తీసేయగలగాలి, లేదా పొట్టిది మార్చగలగాలి, లేదా అడ్డంగా తిప్పగలగాలి. మాన్‌ఫ్రొట్టో వారి 190 రకంలో కడ్డీని పైకంటా లాగి అడ్డంగా వాల్చవచ్చు. అప్పుడది నీళ్లకోసం మెడచాచిన కొంగలా ముందుకు వస్తుంది, కాళ్లు మొక్కను తొక్కకుండానే కెమెరా దాని నెత్తిమీద నిలుస్తుంది. అలా చాచినప్పుడు ఒక కాలు తప్పకుండా కడ్డీ ఉన్న వైపే ఉండాలి, వెనకవైపు కొక్కేనికి సంచి వేలాడదీయాలి. లేకపోతే కెమెరా ముక్కుమీద పడుతుంది.

ఇంగ్లండులో బెన్‌బో అని ఒక ట్రైపాడ్ చేసేవారు. పూలూ పురుగులూ తీసేవాళ్లు దాన్ని వదిలేవారు కాదు. ఒక్క పిడి వదులు చేస్తే కాళ్లూ కడ్డీ అన్నీ ఏ దిక్కుకంటే ఆ దిక్కుకు తిరుగుతాయి, బిగిస్తే అన్నీ ఒకేసారి కొయ్యబారతాయి. అలవాటు లేనివాడు పిడి వదిలితే మూడు కాళ్లూ మూడు వైపులా పరారు. దాని ఇంకో తెలివి నాకు ఎంతో నచ్చుతుంది. మామూలు ట్రైపాడ్లలో కింది గొట్టం సన్నం, పైది లావు. బెన్‌బోలో కిందిదే లావు, అడుగున మూసేసి ఉంటుంది. వాగులో దించినా నీళ్లు, ఇసుక లోపలికి పోవు.

ఈ నీళ్ల ముచ్చట మా కోస్తావాళ్లకు చాలా ముఖ్యం. విశాఖలో పోటు తీసిన వేళ రాళ్ల మధ్య గుంటల్లో చిన్న లోకం ఉంటుంది. పీతలు, సముద్రపు పూలు, రాతికి అతుక్కున్న గుల్లలు. అక్కడికి ట్రైపాడ్ తీసుకెళితే ఇంటికి రాగానే కాళ్లన్నీ సాగదీసి మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టాలి. నేను ఒకసారి బద్ధకించాను. వారం తరువాత కాలు లాగితే రాలేదు, ఉప్పూ ఇసుకా కలిసి సిమెంటు అయ్యాయి. కాళ్లను బిగించే తాళాలు రెండు రకాలు. గొట్టం తిప్పి బిగించే తాళాలైతే మనమే విప్పి శుభ్రం చేసుకోవచ్చు. పిడి నొక్కే తాళాలు చీకట్లో, తడిచేతులతో సులువు, పైగా బిగిసిందో లేదో కంటికి కనబడుతుంది. నాకు రెండోదే సుఖం, వయసు కారణం కావచ్చు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇంకో చిక్కు, అక్కడి మెత్తటి ఇసుకలో కాలు దిగిపోతూనే ఉంటుంది. మా ఆవిడ ఇచ్చిన మూడు కొబ్బరిచిప్పలు బోర్లించి కాళ్ల కింద పెట్టాక ఆగింది. అందుకు కంపెనీలు అమ్మే పలకలున్నాయట. నాకు చిప్పలు చాలు.

కార్బను, అల్యూమినియం బేరం కొంచెమే చెబుతాను. 1994లో గిట్జో కంపెనీ కార్బన్ కాళ్లు తెచ్చిన దగ్గరనుంచీ బరువు తగ్గింది, ధర పెరిగింది. కొండలెక్కేవాళ్లకు, తూర్పు కనుమల్లో రోజంతా తిరిగేవాళ్లకు అది దండగ కాదు. కారు దిగి పొలంలోకి నాలుగడుగులు వేసేవాళ్లకు అల్యూమినియం చాలు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ కాలంలో గాజుపలకల కెమెరా, కొయ్య స్టాండు, వాటిని మోయడానికి మనుషులు. మనం మన సామాను మనమే మోస్తున్నాం కాబట్టి బరువు చూసుకోవాలి గాని, మరీ తేలికైనది గాలికి కెమెరాతో సహా పోతుంది.

కాళ్లమీద పెట్టిన శ్రద్ధ తలమీద పెట్టనివాళ్లను చాలామందిని చూశాను. తల అంటే కెమెరా కూచునే భాగం. బాల్ హెడ్ మంచిదే, ఒక్క మరతో ఎటైనా తిరుగుతుంది. కాని చవకదైతే, మనం సరిగ్గా ఫోకస్ చూసి బిగించగానే కెమెరా ముక్కు వెంట్రుకవాసి కిందికి వాలుతుంది. ఆ వెంట్రుకవాసే మన ఒకటింపావు మిల్లీమీటరును మింగేస్తుంది. కొట్లో ఇదీ పరీక్షించండి. కెమెరా అడుగున ఉండే మర పావు అంగుళానిది, దాదాపు అన్ని కెమెరాలకూ అంతే, ఆ బెంగ లేదు. కెమెరాను తలకు తగిలించే పలక మాత్రం 38 మిల్లీమీటర్ల వెడల్పుండే ఆర్కా పద్ధతిదైతే, రేపు ఫోకస్ పట్టా కొన్నప్పుడు ఇబ్బంది ఉండదు. ఫోకస్ పట్టా అంటే మర తిప్పితే కెమెరా పిసరు పిసరుగా ముందుకూ వెనక్కూ నడిచే చిన్న పట్టాలు. దగ్గరి ఫొటోలో లెన్సు తిప్పి ఫోకస్ చేయడం కన్నా కెమెరానే జరపడం తేలిక.

అంతా బిగించాక షట్టరు వేలితో నొక్కకండి, రెండు సెకన్ల టైమరు పెట్టండి. లెన్సులో అదురు ఆపే ఏర్పాటుంటే, ట్రైపాడ్ మీద దాన్ని ఆపేయడం మేలు. కొన్ని లెన్సులు లేని అదురును వెతుక్కుంటూ తామే అదురుతాయి. ఇక గాలి. కెమెరా కదలకపోయినా పువ్వు ఊగితే ఏం లాభం? గొడుగు అడ్డం పెట్టాలి, కాడకు పక్కన ఒక పుల్ల గుచ్చి బట్టల క్లిప్పుతో మెత్తగా పట్టించాలి.

ఇవేవీ కొనలేనివాళ్లకు, కొనే ముందు చూసుకోవాలనుకునేవాళ్లకు, ఒక గుడ్డసంచి చాలు. అందులో ముప్పాతిక వంతు బియ్యం పోసి కుట్టేసి, నేలమీద పడేసి, దానిమీద కెమెరా నొక్కి పెట్టండి. కుదిరినంతలో దీనంత గట్టి స్టాండు లేదు. నేను మొదట శనగలు పోశాను. వానకు తడిసి మొలకలొచ్చాయి. మా ఆవిడ వాటిని తాలింపు వేసింది.

ఒక జాగ్రత్త. పురావస్తుశాఖ కాపాడే కట్టడాల దగ్గర, మా వైపు శ్రీముఖలింగం లాంటి చోట్ల, ట్రైపాడ్ వేయాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. ఫొటోకి వెళ్లి వాదనకి దిగకండి.

మొన్నటి ఆరుద్రకి మళ్లీ అదే పొలానికి వెళ్లాను. ఈసారి మూడు కాళ్లూ నేలమీద పరుచుకునే ట్రైపాడ్, మధ్యకడ్డీ లేదు, కెమెరా నేలకు నాలుగు వేళ్ల ఎత్తు. పురుగు వెంట పడకుండా, అది వచ్చే దారిలో ఒక మట్టిబెడ్డ మీద ఫోకస్ పెట్టి, కదలకుండా కాపు కాశాను. ఒకటి వచ్చింది. బెడ్డ దాకా వచ్చి, దాన్ని ఎక్కకుండా పక్కకు తిరిగి, నా ట్రైపాడ్ కాలు ఎక్కింది. తన కాలు తాను చూసుకునే కెమెరా ఎక్కడా లేదు. ఆ రైతే మళ్లీ వచ్చి నిలబడి చూస్తున్నాడు. జేబులోంచి ఫోను తీసి ఆ కాలిమీదే ఫొటో తీశాను. పురుగు వెంట్రుకలతో సహా వచ్చింది. వెనకాల మసకగా కనబడుతున్నది నా కెమెరా.